నల్లపులిని చూసి మురిసిపోతే ఎలా?

ఒడిశాలోని సిమ్లిపాల్ అడవిలో నల్లపులి కెమెరాకు చిక్కితే చాలు, ఆ ఫొటో ఫోన్లన్నీ చుట్టేస్తుంది. చారలు వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, పసుపు మేనిని దాదాపు కప్పేస్తాయి. చూడముచ్చటగానే ఉంటుంది. నల్లపులుల సఫారీ పెడతామని 2024లో అక్కడి ప్రభుత్వం ప్రకటించింది కూడా. శాస్త్రవేత్తలకు మాత్రం ఆ చారలే కలవరం.

బెంగళూరులోని నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో ఉమా రామకృష్ణన్ బృందం 2021లో ఈ గుట్టు విప్పింది. కారణం ఒక జన్యువులో చిన్న మార్పు. తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే మార్పు అందితేనే కూన నల్లగా పుడుతుంది. అంత అరుదుగా కుదరాల్సినది సిమ్లిపాల్‌లో మూడింట ఒక పులికి పైగా కుదిరింది. ఆ బృందం పరీక్షించిన ఇతర అడవుల పులుల్లో ఈ మార్పే లేదు. ఇతర అడవులతో దారి తెగి బయటి పులి రాకపోవడంతో, ఉన్న కొద్దిపాటివే తమలో తాము జతకట్టిన ఫలితమిది. మేనరికాల గురించి డాక్టర్లు మన ఇళ్లలో చెప్పే హెచ్చరికే ఇక్కడా వర్తిస్తుంది.

విరుగుడుగా 2024 చివర్లో మహారాష్ట్రలోని తాడోబా నుంచి జమున, జీనత్ అనే రెండు ఆడపులుల్ని తెచ్చారు. జీనత్ అడవి దాటి జార్ఖండ్ మీదుగా బెంగాల్ చేరింది. డిసెంబరు 29న బంకురా జిల్లాలో మత్తుసూది వేసి పట్టుకోవాల్సి వచ్చింది. ప్రయత్నం తప్పుకాదు. కానీ తెగిన దారిని పులుల్ని బండెక్కించి ఎన్నాళ్లు అతకగలం?

తెలంగాణలో అలాంటి దారి ఇంకా తెగలేదు. మహారాష్ట్ర పులులు ఆసిఫాబాద్ అడవుల మీదుగా కవ్వాల్ పులుల అభయారణ్యం వైపు వాటంతటవే నడిచొస్తున్నాయి. ఆ దారిని కాపాడేందుకు 2025 మేలో కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వు కోసం ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది. ఆదివాసులు ఆందోళనకు దిగడంతో జులైలో పక్కన పెట్టింది. పోడు భూమి పోతుందన్న వాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. అలాగని పులుల రాకపోకల్ని గాలికొదిలేయలేం.

జీవోను మళ్లీ కదిపేముందు గూడేల్లో గ్రామసభలు జరగాలి, పోడు హక్కులకు రాతపూర్వక హామీ దక్కాలి. రోడ్లు వేసేచోట కింద నుంచి జంతువులు దాటే వీలుండాలి. మలం నమూనాల డీఎన్‌ఏతో పులుల్ని గుర్తించగల సీసీఎంబీ లాకోన్స్ ప్రయోగశాల హైదరాబాద్‌లోనే ఉంది. కవ్వాల్ చేరే పులులు ఏ అడవివో అక్కడ ఏటా తేల్చి, ఆ వివరాల్ని గ్రామసభల ముందే పెడితే ఏ దారి ఎందుకు వదలాలో ఊళ్లవాళ్లకూ తెలుస్తుంది.