విద్యానగరులో అద్దెగది – అడ్వాన్సు పైకమునకు సర్కారు సాయము

తొలకరి జల్లులు పడి విత్తనములకు, ఎరువులకు పైకము వెదకుకొను దినములలోనే మన పల్లెల పిల్లలు కళాశాలలలో చేరుటకై పట్నమునకు బయలుదేరుదురు. ఈ రెండు ఖర్చులును ఒక్క నెలలోనే రైతు నెత్తిపై బడును. కళాశాల రుసుమును గూర్చియు, విద్యార్థి భృతిని గూర్చియు సభలలో ఎన్నియో చర్చలు జరుగుచున్నవి. గది తాళము చేతికి వచ్చుటకు ముందు ఇంటి యజమానికి చెల్లింపవలసిన అడ్వాన్సును గూర్చి మాత్రము ఎవ్వరును మాటాడుట లేదు. రైతును వడ్డీవ్యాపారి గడపకు పంపుచున్నది ఇదియే యని మా యభిప్రాయము.

మొన్నటి వానకాలమున మా మండలపు రైతొకరు కుమారుని వెంటబెట్టుకొని హైదరాబాదునకు పోవుచు మమ్మును గూడ రమ్మనిరి. చిన్నవానికి ఉస్మానియాలో ఎం.ఏ. సీటు వచ్చినది గాని వసతిగృహములో చోటు దొరకలేదు. విద్యానగరు స్టేషనులో రైలు దిగి, గోడలకు వ్రేలాడు ‘టు-లెట్’ పలకలు చదువుచు మధ్యాహ్నము వరకు సందుసందు తిరిగితిమి. తార్నాక వైపు విచారింపగా అద్దెలు మరింత హెచ్చుగా నుండెను. తుదకు మూడవ అంతస్తుపై రేకుల కప్పు గది యొకటి కుదిరినది. అద్దె నెలకు 9,000 రూపాయలు. అడ్వాన్సు రెండు నెలలది 18,000. మొదటి నెల అద్దెతో కలిపి 27,000. ఇద్దరు తోడివారు వచ్చినచో భారము పంచుకొందురు నిజమే. వారు వచ్చువరకు అంతయు ముందు వచ్చినవానిదే గదా! ఆ రైతు సంచిలోని నోట్లు రెండుమారులు లెక్కించి యజమాని చేతిలో పెట్టి, మెట్లు దిగుచు మాతో ఒక్క మాట యనిరి: “డీఏపీ సంగతి ఇగ వచ్చే వారం చూద్దాం సారూ.”

వచ్చే వారము వారు చూచినది వడ్డీవ్యాపారి ముఖము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. 18,000కు నెలకు 360, సాలునకు 4,320, ఎం.ఏ. రెండేండ్లకు 8,640. అడ్వాన్సులో దాదాపు సగము వడ్డీగానే పోవును. మరి ఆ పైకము యజమాని యొద్ద నున్నంత కాలము రైతునకు ఒక్క పైసా తెచ్చి పెట్టదు. గది ఖాళీచేయు నాడు సున్నము, రంగుల పేరిట ఒక నెల అద్దె తగ్గించి యిచ్చుట పలుచోట్ల వాడుకయైనది.

ఇంటి యజమానులందరును దురాశాపరులని మేమనము. పింఛనుతోను, పై అంతస్తు అద్దెతోను కాలము గడుపు వృద్ధులు వారిలో ఎందరో కలరు. అద్దె యెగవేసి రాత్రికి రాత్రి సామాను సర్దుకొని పోవు కుర్రవాండ్రును లేకపోలేదు. కనుక హామీ యడుగుట న్యాయమే. ఆ హామీని నగదు రూపమున, అదియు పైరు పెట్టుబడికి దాచిన నగదు రూపమున, రైతే ఇయ్యవలెనా యన్నది మా ప్రశ్న.

చట్టము ఏమనుచున్నదో చూతము. భవనముల అద్దె నియంత్రణకు 1960లో చేయబడిన చట్టము ప్రకారము యజమాని ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు పుచ్చుకొనరాదు. ఆ చట్టము క్రిందనే గూడూరులోని హోటలు వ్యాజ్యమొకటి సుప్రీంకోర్టు వరకు పోయినది. యజమాని యొద్ద అడ్వాన్సు అధికముగా నిలిచియుండగా అద్దెదారుని బకాయిదారుడని వెళ్ళగొట్ట వీలులేదని 1989లో కోర్టు తీర్పు చెప్పినది. అయితే 2005 నాటి సవరణ ప్రకారము కార్పొరేషను పట్టణములలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన కట్టడములకు ఆ చట్టము వర్తింపదు. విద్యానగరులో ఆ యద్దెకు గది యెక్కడ దొరకును? కేంద్ర మంత్రివర్గము 2021 జూను 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టము నివాసగృహములకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదనియు, ఇల్లు తిరిగి అప్పగించునప్పుడే న్యాయమైన కోతలు పోను మిగిలినది చెల్లింపవలెననియు చెప్పుచున్నది. అది నమూనా మాత్రమే. రాష్ట్రము తన చట్టముగా చేసికొననిదే మన పిల్లవానికి అక్కరకు రాదు.

ఇక సర్కారు సాయము. రుసుము తిరిగి చెల్లింపు కళాశాలను ఉద్దేశించినది; పోషణ భృతి విద్యార్థిది. రెండును ఆలస్యముగా వచ్చునవే. బకాయిలు పేరుకొనిపోగా 2025 నవంబరులో తెలంగాణములోని ప్రైవేటు కళాశాలలు తలుపులు మూసి ఆందోళన చేసినవి. ఆంధ్రప్రదేశమున 2020లో ‘వసతి దీవెన’ యను పథకము ప్రారంభమై, డిగ్రీ చదువువారికి సాలునకు 20,000 రూపాయలు రెండు విడతలుగా తల్లి ఖాతాలో వేయునట్లు ఏర్పాటు జరిగెను. భోజనమునకు, వసతికి ఉద్దేశించిన సొమ్ము అది, మంచి తలంపు. కాని విడత వచ్చు దినము వేరు, యజమాని అడ్వాన్సు అడుగు దినము వేరు. గది కుదుర్చుకొను నాటికి చేతిలో లేని సాయము, విత్తు కాలము దాటిన పిమ్మట వచ్చిన విత్తనముల వంటిది.

సభ్యులలో పలువురెరుగని సంగతి యొకటి యిచట చెప్పవలెను. కిసాన్ క్రెడిట్ కార్డులో పైరు ఖర్చునకు లెక్కగట్టిన మొత్తముపై మరి నూటికి పదివంతులు కోత యనంతర ఖర్చులకును, గృహావసరములకును చేర్చుదురు. పైరు లెక్క లక్ష రూపాయలైనచో 10,000 ఈ పద్దుక్రింద న్యాయముగా వాడుకొనవచ్చును. ఆ భాగమునకు వడ్డీ రాయితీ యుండునో లేదో సంఘ కార్యదర్శి నడిగి తెలిసికొనుడు. రాయితీ లేక సాలునకు నూటికి 12 రూపాయలు పడినను, వ్యాపారి వడ్డీలో అది సగమే.

పరదేశములలో ఈ చిక్కును వేరొక విధముగా విడదీసిరి. ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాటాడువారు 2021 జనగణన నాటికి సుమారు 59 వేలమంది. వారిలో అద్దెయిండ్లలో కాపురము ప్రారంభించినవారే హెచ్చు. సిడ్నీ నగరమున్న న్యూ సౌత్ వేల్సు రాష్ట్రములో అద్దెదారు చెల్లించు హామీసొమ్ము యజమాని పెట్టెలో నుండదు. 1977లో చట్టము చేసి దానికై ప్రత్యేక బోర్డు నేర్పరచిరి. ఇల్లు ఖాళీచేసిన పిదప తగవు వచ్చినచో సాక్ష్యము చూచి సొమ్ము ఎవరికి చెందునో తేల్తురు. తక్కువ రాబడిగల స్థిరనివాసులకు ఆ హామీసొమ్ములో ముప్పాతిక భాగము వరకు సర్కారే వడ్డీలేని అప్పుగా ఇచ్చి, వాయిదాలలో రాబట్టుకొనును. క్వీన్స్‌లాండు రాష్ట్రములోను వడ్డీలేని యిట్టి అప్పే కలదు. ఇది దానము కాదు. సొమ్ము తిరిగి వచ్చును గనుక దానితోనే మరియొకని గది తెరువవచ్చును. తిరుగు పైకము మహిమ సహకార సంఘ సభ్యులకు మేము నేర్పనక్కరలేదు.

మేము కోరునది ఇంతమాత్రమే. గ్రామ సంఘము అడ్వాన్సు అప్పును రైతు చేతికి గాక నేరుగా ఇంటి యజమాని ఖాతాకు పంపవలెను. గది ఖాళీయైన నాడు సొమ్ము సంఘమునకే తిరిగి రావలెనని అద్దె ఒడంబడికలో వ్రాయింపవలెను. వడ్డీని, ఎగవేత నష్టములో కొంతభాగమును సర్కారు భరించునట్లు పూచీ యడుగవలెను. కౌలుదారులకు నాబార్డు ఏర్పాటుచేసిన ఉమ్మడి బాధ్యతా సంఘములలో నలుగురు మొదలు పదుగురి వరకు ఒకరికొకరు హామీయుందురు; ఒక గదిలోనుండు కుర్రవాండ్ర తండ్రులు అట్లేల చేరరాదు? మేము చదివిన మిషను పాఠశాల వసతిగృహములో ప్రవేశమునాడు కొంత హామీ పైకము కట్టించుకొనెడివారు. కడపటి దినమున మా తండ్రిగారు రసీదు చూపగా, మేము పగులగొట్టిన అద్దము వెల మినహాయించి మిగిలినది లెక్కపెట్టి యిచ్చిరి. ఆ రసీదు ఉన్నందుననే వాదన పుట్టలేదు.

సంఘ పైకము పైరులకే గాని పట్నపు మేడలకు కాదని కొందరు పెద్దలు ఆక్షేపింపవచ్చును. ఆ 18,000 ఎట్లును పైరు పెట్టుబడినుండియే పోవుచున్నది. ఎరువు ఒక వారము వెనుకబడిన చేను ఎట్లుండునో మేము చూచితిమి, వారును చూచియుందురు.

దీనికి సంఘ ఉపనిబంధనలు సవరింపవలసియుండును. సవరణకు రిజిష్ట్రారువారి యామోదము కావలెను. రాబోవు మహాజనసభలో ఈ తీర్మానమును ప్రతిపాదింప తలచినారము. పట్నములో పిల్లలను చదివించుచున్న సభ్యులు తాము చెల్లించిన అడ్వాన్సు రసీదులను, రసీదు లేనిచో చెల్లించిన మొత్తమును, తిరిగి వచ్చిన మొత్తమును ఒక కాగితముపై వ్రాసికొని సభకు తేవలెనని కోరుచున్నాము.