వాయిదాల కెమెరా, ముహూర్తాల రాబడి

తెలుగునాట చిన్న పట్టణములలో ఫోటో స్టూడియో నడుపుకొను యువకుని రాబడి పంచాంగమునకు లోబడినది. మాఘ ఫాల్గుణములలోను, వైశాఖమునను, శ్రావణమునను పెళ్ళి ఆర్డర్లు ఒకదానిపై నొకటి వచ్చిపడును. ఆషాఢము, భాద్రపదము, పుష్యము ప్రవేశించినచో పాస్‌పోర్టు ఫోటోలును, ఎప్పుడో ఒక పుట్టినరోజు వేడుకయు తప్ప వేరు పని దొరకదు. గురు శుక్ర మౌఢ్యములు తోడైన యేట ఆ విరామము మరికొన్ని వారములు సాగును. ఇట్టి రాబడిని నమ్ముకొన్నవాడు, మౌఢ్యమునెఱుగని నెలసరి వాయిదాకు కట్టుబడి, రెండు లక్షలకు పైబడిన కొత్త కెమెరా బాడీని తెచ్చుకొనుట నేడు సర్వసాధారణమైనది. వ్యాపారము పెరుగుచున్న ఫోటోగ్రాఫరు మొదట కొనవలసినది కొత్త బాడీ కాదని నా నిశ్చితాభిప్రాయము.

ఈ తొందరకు కారణము లేకపోలేదు. పెళ్ళివారు బయానా ఇచ్చుటకు ముందు అడుగు ప్రశ్నలలో 'ఏ కెమెరాతో తీస్తారు?' అనునది ముందుండును. చిత్రముల గుణదోషములను తూచుటకు వేరొక కొలమానము లేని గృహస్థు ఆ ప్రశ్న వేయుటలో తప్పేమియు లేదు. ఎదుటి వీధి స్టూడియోలోనికి సరికొత్త మిర్రర్‌లెస్ వచ్చినదని విన్న కుఱ్ఱవాని గుండె ఝల్లుమనుటయు సహజమే. కాని ఆ భయము చెప్పినట్లు డబ్బు వెచ్చించిననాడు పెళ్ళివారికి అందు చిత్రము మెరుగగునా అన్నదే విచారింపవలసిన విషయము.

రాత్రి రెండు గంటలకు ముహూర్తము పడిన పెళ్ళిపందిరిని తలచుకొందము. వధూవరులు ఒకరి శిరస్సుపై నొకరు జీలకఱ్ఱ బెల్లము ఉంచుటయు, నడుమనున్న అడ్డుతెర తొలగుటయు, వారు తొలిసారి ఒకరినొకరు చూచుకొనుటయు కొన్ని క్షణములలో ముగిసిపోవును. పురోహితుని భుజము, మేనమామ తల, వీడియో తీయువాని మోచేయి అడ్డుపడుచుండగా, కెమెరాతో పాటు వచ్చిన కిట్ లెన్స్‌ను జూమ్ చేసినంతనే దాని ద్వారము ఎఫ్/5.6కు కుంచించుకొనిపోవును, ఆ కొరతను పూరించుటకు ఐఎస్ఓ పెంచినచో పట్టుచీర జరీయంచు ఇసుక చల్లినట్లు గరుకుబారును, షట్టరు వేగము తగ్గించినచో కదలుచున్న చేయి అలికిపోవును. అదేచోట ఎఫ్/1.8 ద్వారము గల 50 ఎం.ఎం. లెన్స్ దాదాపు పది రెట్లు వెలుతురును లోనికి రానిచ్చును. అంతగా తెరచినచో ఇద్దరిలో ఒకరి ముఖమే స్పష్టముగా వచ్చు ప్రమాదము గలదు గనుక ఎఫ్/2.8 దగ్గర నిలుపుకొన్నను, నాలుగు రెట్ల లాభము మిగిలియే యుండును. చిన్న సెన్సరు బాడీని విడిచి ఫుల్ ఫ్రేమ్ బాడీకి మారుటవలన కలుగు లాభము రెండు, రెండున్నర రెట్లకు మించదు. దానికి లక్షలు కావలెను, ఈ చిన్న లెన్స్‌కు పది పదిహేను వేలు చాలును. తల త్రిప్పుటకు వీలైన ఫ్లాష్ ఒకటి దీనికి తోడై, దాని వెలుగును ఫంక్షన్ హాలు తెల్లని కప్పునకు తాకించి క్రిందికి దింపు నేర్పు అలవడినచో ముఖములపై నీడలు మృదువుగా పడును. కప్పునకు ఎఱ్ఱని, పసుపుపచ్చని గుడ్డలు కట్టిన హాలులో మాత్రము ఆ రంగు వధువు చెక్కిళ్ళకు ఎక్కును. అచ్చట ఫ్లాష్‌ను స్టాండుపై ప్రక్కగా నిలిపి, తెల్ల గొడుగు వాడుటయే మార్గము.

వెలుతురు తరువాత, నా దృష్టిలో దానికంటెను ముఖ్యముగా, చూడవలసినది చిత్రముల భద్రత. మాంగల్యధారణను మరల చేయుమని ఎవరిని అడుగగలము? మెమరీ కార్డు చెడిపోయినను ప్రతి చిత్రము రెండవ కార్డులో పదిలముగా నుండునట్లు, రెండు కార్డుల అరలు గల కెమెరా పెళ్ళిపనికి అత్యవసరము. 2018లో ఆర్భాటముగా వచ్చిన నికాన్ జెడ్ 6, కెనాన్ ఈఓఎస్ ఆర్ కెమెరాలలో ఒక్క అరయే యుండెను. ఆ లోపము 2020లో జెడ్ 6 టూ, ఆర్ 6 వచ్చిన పిమ్మటగాని తీరలేదు. అంతకు ఎన్నో ఏండ్ల ముందు, 2012 నాటి కెనాన్ ఫైవ్‌డీ మార్క్ త్రీలోను, 2014 నాటి నికాన్ డీ 750లోను రెండేసి అరలు గలవు, రెండును ఫుల్ ఫ్రేములే. కొత్త మిర్రర్‌లెస్ ధరలో కొద్ది భాగమునకే నేడవి సెకండ్ హ్యాండ్‌లో లభించుచుండగా, పాతవని వానిని చిన్నచూపు చూచుట అవివేకము. అట్టి బాడీ ఒకటి ముఖ్యముగాను, ఇప్పుడు చేతనున్న పాతది తోడుగాను నిలిచినచో, నడిపందిరిలో ఒకటి మొరాయించినను పని ఆగదు.

పాతది కొనుట తెలిసి కొనవలెను. పైజెప్పిన రెండు కెమెరాలకును తయారీదారులు చెప్పిన షట్టరు ఆయువు 1,50,000 చిత్రములు. పెళ్ళికి మూడు వేల చొప్పున లెక్కించినచో అది యాభై పెళ్ళిళ్ళ పని. ఆ సంఖ్య దాటినంతనే షట్టరు చచ్చునని కాదు, దానిని మార్పించుకొనవచ్చును. ఆ ఖర్చును బేరములోనే తగ్గించుకొనవలెనని నా భావము. లెన్స్ విషయమున మరింత జాగ్రత్త కావలయును. కాకినాడ, మచిలీపట్నము, విశాఖ వంటి తీరపట్టణములలోని తేమగాలికి అద్దముల లోపల బూజు పట్టును. లెన్స్‌ను పూర్తిగా తెరచి, ఒకవైపు నుండి సెల్‌ఫోను టార్చి వేసి, మరొకవైపు నుండి ఏటవాలుగా చూచినచో సన్నని తెల్లని పోగులు కనబడును. కనబడినదానిని ఎంత చౌకకు ఇచ్చినను ముట్టరాదు, ఏలయన తేమ చేరినచో అదే పెట్టెలోని మంచి లెన్స్‌కును ఆ చీడ సోకవచ్చును. పిమ్మట గోడకు ఒక వార్తాపత్రికను అతికించి, ద్వారము పూర్తిగా తెరచి దానిని ఫోటో తీసి, నాలుగు మూలల అక్షరములను కంప్యూటరుపై పెద్దవి చేసి చూడవలెను. ఒక మూల అక్షరములు మాత్రమే అలుకుకొనిపోయినచో ఆ లెన్స్ ఎన్నడో క్రింద పడియుండవచ్చును. హైదరాబాదు కోఠిలోనే గాని, మరెక్కడనే గాని, ఈ పరీక్షకు సమ్మతింపని అమ్మకపుదారును విడిచి వచ్చుట మేలు.

లెన్స్‌పై పెట్టిన డబ్బు బాడీపై పెట్టిన డబ్బువలె త్వరగా కరగదు. కెనాన్ 1987లో ప్రవేశపెట్టిన ఈఎఫ్ లెన్స్‌లు అడాప్టరు సాయమున నేటి ఆర్‌ఎఫ్ బాడీలపై ఆటోఫోకస్‌తో సహా పనిచేయుచున్నవి. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నాటిది. అందు మోటారు లేని పాత ఏఎఫ్-డీ లెన్స్‌లకు మాత్రము ఆ సంస్థ ఎఫ్‌టీజెడ్ అడాప్టరుపై ఆటోఫోకస్ రాదు, కొనువారు గమనింపవలెను. ఇక కొత్త సరకు కొనునపుడు బిల్లు లేకుండ కొంత తగ్గింతుమన్న మాటకు లొంగరాదు: వారంటీ పోవుటయే గాక, జీఎస్టీ రిజిస్ట్రేషన్ గలవాడు తిరిగి జమకట్టుకొనదగిన 18 శాతము పన్ను కూడ పోవును.

70-200 ఎఫ్/2.8 వంటి బరువైన లెన్స్‌లు, డ్రోన్లు, గింబళ్ళు ఆర్డరు కుదిరిన దినమునకే అద్దెకు తెచ్చుకొని, ఆ అద్దెను ముందుగనే పెళ్ళివారి లెక్కలో చేర్చుట ధర్మము. ఒక సీజనులో కట్టిన అద్దె ఆ వస్తువు ధరలో సగమునకు చేరిననాడు దానిని కొనుటనుగూర్చి ఆలోచింపవచ్చును.

ఈ భారమును ఒంటరిగా మోయనక్కరలేదు. 1839 ఆగస్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వము డాగ్యురే కనుగొన్న చిత్రణ విధానమును లోకమునకు వెల్లడించినది; ఆ తేదీన ప్రతి యేటను మన పట్టణములలోను, మండలములలోను ఫోటోగ్రాఫర్ల సంఘములు ఆయన చిత్రపటమునకు పూలమాల వేసి, ఊరేగింపులు జరుపుచున్నవి. పదిపదిహేను మంది సభ్యులు గల సంఘము తలా కొంత వేసుకొని ఉమ్మడి సామగ్రిని సమకూర్చుకొనలేదా? ఒక్కటే చిక్కు గలదు. మంచి ముహూర్తము అందరికిని ఒకే రాత్రి పడును; కనుక ఉమ్మడిగా కొన్న పెద్ద లెన్స్ ఆ రాత్రి ఒక్కరికే అక్కరకు వచ్చి తగవులకు దారితీయును. అందుచేత సంఘము కొనవలసినది నిత్యము అందరును కోరునది కాదు, ఆపదలో ఒకరికి కావలసినది: ఒక అదనపు బాడీ, ఒక ఫ్లాష్, ఛార్జి చేసిన బ్యాటరీలు, ఖాళీ కార్డులు. బాడీ ఒకటే అయినను లెన్స్‌లు కుదురునట్లు సభ్యులలో ఎక్కువమంది వాడు కంపెనీదే ఎన్నుకొనవలెను. ఆ సంచి సంఘ కార్యాలయమున తాళము వేసిన బీరువాలో నుండరాదు. ఆ రాత్రి పెళ్ళిపని లేక ఇంటనుండి, ఏ వేళ పిలిచినను ఫోను ఎత్తి, మోటారుసైకిలుపై తెచ్చి ఇయ్యగల సభ్యుని చేతిలో నుండవలెను.