పోర్టుబ్లెయిర్ నడిబొడ్డున ఖాళీ జాగా

హైదరాబాద్ శివార్లలోని కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం వేలం నూరు కోట్లు దాటింది. అప్పటి నుంచి ప్రభుత్వ భూమి ఎక్కడ ఖాళీగా కనబడినా మనవాళ్ల మనసులో ఒక లెక్క నడుస్తూనే ఉంది. ఆ లెక్క సముద్రం దాటి అండమాన్ కూడా చేరింది. కిందటిసారి పోర్టుబ్లెయిర్ వెళ్లినప్పుడు (2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీవిజయపురం, బజారులో మాత్రం పాత పేరే వినబడుతోంది) నన్ను విమానాశ్రయం నుంచి ఊళ్లోకి తీసుకొచ్చిన టాక్సీ డ్రైవరు శ్రీకాకుళం వాడు. తాతల కాలంలో వలస వచ్చిన కుటుంబం. లంబా లైన్ దగ్గర నౌకాదళం ప్రహరీ పక్కగా వస్తుంటే, తల అటు తిప్పి చూపిస్తూ, ‘‘ఇంత జాగా ఆళ్ల కాడే ఉండిపోతే మాలాటోళ్లకేటి మిగుల్తాది బాబూ? అమ్మీసి బిల్డింగులు కట్టీమనండి’’ అన్నాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రక్షణ వ్యవహారాలు రాసేవాణ్ని కాబట్టి నేను సైన్యం పక్షమే మాట్లాడతానని అతను అనుకొని ఉండవచ్చు. కానీ అతని ప్రశ్నలో న్యాయం ఉంది. అండమాన్ నికోబార్ దీవుల విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో ఏడు వేలకు పైగా అటవీ భూమిగా నమోదైంది. గిరిజన రక్షిత ప్రాంతాలు పోగా, మనుషులు ఇల్లు కట్టుకోవడానికి మిగిలేది చారెడు నేల. పోర్టుబ్లెయిర్ ఒక్క ఊళ్లోనే లక్ష మందికి పైగా ఉన్నారు. చుట్టూ సముద్రం, మధ్యలో గుట్టలు. ఉన్న కాస్త చదును నేలలో రన్‌వే ఒక పెద్ద ముక్క. హడ్డోలో కమాండ్ ప్రధాన కార్యాలయం, మిన్నీ బే వైపు నౌకాదళ ఆసుపత్రి, ఊరికి ఆనుకొని బర్చ్‌గంజ్‌లో సైనిక శిబిరం. ఊరి మధ్య స్థలం ఎంత కరువంటే, సెల్యులార్ జైలు ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వెలిసింది ఆ ఆవరణలోనే.

ఆ డ్రైవరుకు తెలిసో తెలియకో ‘అమ్మడం’ అన్న మాట వాడాడు. అండమాన్‌లో అసలు చిక్కు అక్కడే ఉంది. 1966 నాటి భూ రెవెన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్ ప్రకారం ఆ దీవుల్లో భూమి అంతా కేంద్ర ప్రభుత్వానిదే. ప్రభుత్వం రాసిచ్చిన పత్రం ఉంటే తప్ప, ఎన్నేళ్లు అనుభవించినా హక్కు రాదు. జనం చేతిలో ఉన్నవి గ్రాంటు, లైసెన్సు, కౌలు వంటి హక్కులు మాత్రమే. అటవీ భూమిలో 1978కి ముందు స్థిరపడిన వారికి పునరావాసం కింద స్థలాలు దక్కాయి. ఆ తర్వాత వచ్చిన వారి సంగతి గాలిలో దీపమే. 2011 లెక్కల ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 50 వేల మంది. జంగ్లీఘాట్ రేవులో వల బాగుచేసుకునే మనిషి నుంచి సచివాలయ ఉద్యోగి దాకా ఉన్నారు. కాగితం లేని ఇళ్లలో బతికేవారూ వారిలో ఉన్నారు. అలాంటి మనిషికి నౌకాదళం ప్రహరీ వెనకాల గడ్డి పెరిగిన పది ఎకరాలు కనబడితే కడుపు మండదా?

ఇది ఒక్క పోర్టుబ్లెయిర్ గొడవ కాదు. 2022 జనవరిలో పూర్తయిన సర్వే ప్రకారం రక్షణ శాఖ చేతిలో ఉన్న భూమి 17.78 లక్షల ఎకరాలు. అందులో 1.61 లక్షల ఎకరాలు కంటోన్మెంట్ల లోపల ఉంది. ఒకప్పుడు ఊరికి దూరంగా పెట్టిన దండు చుట్టూ నగరం పెరిగి, ఇప్పుడు దండే ఊరి నడుమ ఇరుక్కుపోయింది. సికింద్రాబాద్ వాసులకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. రాజీవ్ రహదారి, నాగపూర్ రహదారుల మీద ఎలివేటెడ్ కారిడార్లకు రక్షణ భూమి ఇవ్వడానికి 2024 మార్చిలో అనుమతి వచ్చేసరికి ఏళ్లు గడిచిపోయాయి. 2022 మార్చిలోనే కేంద్ర మంత్రివర్గం జాతీయ భూ నగదీకరణ సంస్థ ఏర్పాటును ఆమోదించింది. ప్రభుత్వరంగ సంస్థల మిగులు భూములను సొమ్ము చేయడం దాని పని. గాలి ఎటు వీస్తోందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

యూనిఫారం ఉన్నచోట భూమి భద్రంగా ఉంటుందన్న భ్రమ నాకు లేదు. ముంబైలో కొలాబా సైనిక ప్రాంతాన్ని ఆనుకొని ఆదర్శ్ సొసైటీ పేరిట 31 అంతస్తులు లేచాయి. కార్గిల్ యోధుల పేరు చెప్పి అందులో ఫ్లాట్లు దక్కించుకున్న వారిలో రాజకీయ నాయకులు, అధికారులతో పాటు పెద్ద ర్యాంకుల సైనికాధికారులూ ఉన్నారు. 2010లో ముఖ్యమంత్రి రాజీనామా దాకా వెళ్లింది. సుక్నా కుంభకోణంలో సైనిక స్థావరం పక్కనున్న తేయాకు తోట భూమి బదిలీకి అభ్యంతరం లేదన్నది సైన్యమే. వీటి దెబ్బకు 2011లో స్థావరాల చుట్టూ వంద మీటర్ల లోపల కట్టడాలకు అనుమతి తప్పనిసరి చేశారు. దాంతో సామాన్యుడి మేడమీద గదికి కూడా మోకాలడ్డినట్లయింది. 2016లో చాలా స్థావరాలకు ఆ దూరాన్ని పది మీటర్లకు కుదించారు. ఒకసారి బిగించడం, ఒకసారి వదలడం. ఏ భూమి నిజంగా అవసరం, ఏది కాదు అన్న లెక్క మాత్రం ఎవరూ బయట పెట్టరు.

అమ్మిన దేశాల అనుభవం చూద్దాం. ఫిలిప్పీన్స్ 1992లో చట్టం చేసి, మనీలా వ్యాపార కేంద్రం పక్కనున్న ఫోర్ట్ బోనిఫాసియో దండు భూమిని అమ్మకానికి పెట్టింది. 1995లో 214 హెక్టార్లు ప్రైవేటు సంస్థల కూటమికి వెళ్లాయి. వచ్చిన సొమ్ములో వాటాతో సైన్యాన్ని ఆధునికీకరించాలన్నది ఏర్పాటు. ఇప్పుడక్కడ ఆకాశహర్మ్యాలు, బ్యాంకులు, వెడల్పాటి కాలిబాటలు. నగరంగా చూస్తే బాగుపడిందనే అనాలి. సైన్యం సంగతికొస్తే, అదే 1995లో చైనా మిస్చీఫ్ రీఫ్‌ను ఆక్రమించింది. 1999లో ఫిలిప్పీన్స్ రెండో ప్రపంచయుద్ధం నాటి ఒక తుప్పుపట్టిన ఓడను మరో దిబ్బ మీద కావాలనే ఎక్కించి, దాన్నే కాపలా శిబిరం చేసుకుంది. ఆ ఓడ ఇంకా అక్కడే ఉంది. నగరం నడుమ భూమి అమ్మితే సైన్యం దానంతటదే బలపడదన్నది ఇందులో నాకు కనిపించే సంగతి.

బ్రిటన్ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1996లో రక్షణ శాఖ సైనిక కుటుంబాల ఇళ్లు 57 వేలకు పైగా ఒక ప్రైవేటు కంపెనీకి 166 కోట్ల పౌండ్లకు అమ్మి, వాటినే మళ్లీ అద్దెకు తీసుకుంది. ఇళ్ల ధరలు పెరిగిన లాభమంతా కంపెనీకి పోయింది. అమ్మకుండా ఉంచుకొని ఉంటే ఖజానాకు 220 నుంచి 420 కోట్ల పౌండ్ల దాకా మిగిలేదని అక్కడి జాతీయ ఆడిట్ కార్యాలయం 2018లో తేల్చింది. చివరికి 2025 జనవరిలో ప్రభుత్వం 36 వేల ఇళ్లను తిరిగి కొనుక్కుంది, సుమారు 600 కోట్ల పౌండ్లిచ్చి. సొంత ఇల్లు అమ్ముకొని అందులోనే అద్దెకు దిగడం అంటే ఇదే.

అండమాన్‌కు దగ్గరి పోలిక మాత్రం డార్విన్. ఆస్ట్రేలియా ఉత్తర కొసన, ఊరి వ్యాపార కేంద్రానికి దగ్గర్లో ఉన్న ఆ రేవును అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం 2015లో ఒక చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకు ఇచ్చింది. వచ్చింది 50.6 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లు. 2012 నుంచే అమెరికా మెరీన్లు ఆ ఊళ్లో వంతులవారీగా ఉంటున్నారు. అయినా అమెరికా అధ్యక్షుడికి ముందుగా చెప్పలేదు. ఒబామా ఆ మాట ఆస్ట్రేలియా ప్రధాని ముఖం మీదే అన్నాడు. విదేశీ పెట్టుబడుల పరిశీలనా మండలి ఆ లావాదేవీని ఆపలేకపోయింది. ప్రాంతీయ ప్రభుత్వాలు అమ్మే ఆస్తులకు అప్పటి నిబంధనల్లో మినహాయింపు ఉండేది. రక్షణ శాఖను అడిగితే అభ్యంతరం లేదంది. ఎవరూ చట్టాన్ని మీరలేదు. పదేళ్ల తర్వాత, 2025 ఎన్నికల్లో రెండు ప్రధాన పక్షాలూ ఆ రేవును వెనక్కి తెస్తామని హామీ ఇవ్వాల్సి వచ్చింది.

మనకు అలాంటిది జరగదని భరోసా ఏమిటని ఢిల్లీలో అడిగితే, 2020 ఏప్రిల్ నాటి ఉత్తర్వు చూపిస్తారు. సరిహద్దు దేశాల నుంచి వచ్చే పెట్టుబడికి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేసిన ఉత్తర్వు అది. మంచిదే. కానీ అది పెట్టుబడి మీద కాపలా, నేల మీద కాదు. ఈ రోజు లీజు తీసుకున్న స్వదేశీ కంపెనీ పదిహేనేళ్లకు దివాలా తీస్తే ఎవరి చేతికి వెళ్తుంది? 2019లో సూబిక్ బేలో కొరియా నౌకానిర్మాణ సంస్థ చేతులెత్తేసినప్పుడు ముందుగా ఆసక్తి చూపిన వారిలో చైనా కంపెనీలు ఉన్నాయి. అమెరికా నౌకాదళం ఒకప్పుడు స్థావరంగా వాడుకున్న రేవు అది. అమెరికా పెట్టుబడి సంస్థ వచ్చి ఆ యార్డును తీసుకోకపోతే, అందులో ఒక భాగం ఫిలిప్పీన్స్ నౌకాదళానికి దక్కకపోతే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. లీజు పత్రం మీద సంతకం చేసేవాడు మనకు కనబడతాడు. అప్పు ఇచ్చినవాడు కనబడడు.

పోర్టుబ్లెయిర్‌లో ఏం ఉందని ఇంత భయం అనేవారూ ఉన్నారు. 2001లో మన మొదటి త్రివిధ దళాల కమాండ్‌ను అక్కడ నెలకొల్పారు. మలక్కా జలసంధి వైపు వెళ్లే ఓడల దారి మీద కన్నేసి ఉంచడం దాని ప్రధానమైన పని. పౌర విమానాలు దిగేదీ, నౌకాదళ నిఘా విమానాలు దిగేదీ ఒకే రన్‌వే మీద. 2023 జులైలో కొత్త టెర్మినల్ తెరిచాక రద్దీ ఇంకా పెరిగింది. అలాంటి రన్‌వే పక్కన, రేవుకు ఎదురుగా, పది అంతస్తుల హోటలు లేచిందనుకోండి. ఏ రోజు ఏ విమానం వచ్చింది, ఏ యుద్ధనౌక కదిలింది అన్నది పై అంతస్తు కిటికీలోంచి కాఫీ తాగుతూ రాసుకోవచ్చు. గూఢచారికి అంతకన్నా సుఖమైన ఉద్యోగం ఉండదు.

ఇంకో కారణం 2004 డిసెంబరు 26న కనబడింది. కార్ నికోబార్ వైమానిక స్థావరాన్ని సునామీ తుడిచిపెట్టింది. వైమానిక సిబ్బంది, వారి కుటుంబాల వారు వంద మందికి పైగా చనిపోయారు. పోర్టుబ్లెయిర్ ప్రాంతంలో నేల దాదాపు మీటరు కుంగింది. సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చిన ఉప్పునీరు మళ్లీ పోలేదు. సహాయ చర్యలన్నీ నడిచింది పోర్టుబ్లెయిర్ రన్‌వే, రేవుల నుంచే. ఆ రోజు వరకు ‘ఖాళీ’ అనిపించిన నేల ఆ వారంలో గోదాము, ఆసుపత్రి, హెలిప్యాడ్ అయింది. కోల్పోతే తిరిగి సంపాదించడానికి ప్రధాన భూభాగంలోలా పక్క మండలం ఉండదు. పన్నెండు వందల కిలోమీటర్ల సముద్రం అవతల విశాఖపట్నం ఉంటుంది.

గ్రేట్ నికోబార్‌లో తలపెట్టిన ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్‌లకు 166 చదరపు కిలోమీటర్లు కేటాయించారు. మొదట చెప్పిన ఖర్చు రూ.72 వేల కోట్లు. షోంపెన్ల మీద, అడవి మీద పడే భారం గురించి చాలామంది రాశారు, రాయాలి కూడా. నేను వేరే ప్రశ్న అడుగుతున్నాను. అదే దీవిలో 1969 నుంచి మాజీ సైనికుల కుటుంబాలకు భూములిచ్చి నిలబెట్టింది ప్రభుత్వమే. సరిహద్దున మనవాళ్లు ఉండాలన్న ఉద్దేశంతో, భూమినే రక్షణ సాధనంగా వాడారు. అలా స్థిరపడ్డ ఊళ్ల భూమే ఇప్పుడు విమానాశ్రయానికి కావాల్సి వస్తోంది. ఖాళీ అయ్యే ఆ స్థానంలోకి ఎవరు వస్తారు, ఏ షరతుల మీద వస్తారు అన్నది టెండరు పత్రాల్లో కాదు, పార్లమెంటులో తేలాలి.

ఇక డ్రైవరు ప్రశ్న. పోర్టుబ్లెయిర్‌లో రక్షణ భూమి ఒక్క అంగుళం కదపరాదని నేను అనను. ఒంటి అంతస్తు పాత క్వార్టర్లు తీసి ఎత్తుగా కట్టుకుంటే దళాలకు సరిపోయి ఊరికీ కొంత మిగలవచ్చు. సికింద్రాబాద్‌లోలా, సమాన విలువైన కట్టడాలు కట్టించుకొని స్థలం వదులుకునే పద్ధతి ఎలాగూ ఉంది. కానీ వదిలేది పరిపాలనా యంత్రాంగానికే వదలాలి. ఇళ్లకు, మార్కెట్‌కు, మంచినీటి ట్యాంకులకు. ధనిఖరి డ్యాం మీద ఆధారపడి, నీళ్లు వంతులవారీగా అందే ఊళ్లో కొత్త లగ్జరీ టవర్లకు నీళ్లెక్కడివో ముందు చెప్పాలి. హోటలుకో మాల్‌కో లీజు ఇస్తే గడువు ముప్పై ఏళ్లకు మించకూడదు. అత్యవసరమైతే వెనక్కి తీసుకునే షరతు, వాటాలు చేతులు మారితే లీజు రద్దయ్యే షరతు రెండూ ఉండాలి. టెండరు పిలవక ముందే కమాండ్ అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోవాలి. డార్విన్‌లోలా ‘అభ్యంతరం లేదు’ అనే ఒక్క ముక్క కాదు, ఎందుకు లేదో కారణాలతో. వచ్చే డబ్బు ఢిల్లీ ఖజానాలో కలవకుండా ఆ దీవుల్లోనే ఖర్చు కావాలి.

1966 రెగ్యులేషన్‌ను సడలించి పెట్టుబడిదారులకు పూర్తి యాజమాన్యం ఇవ్వాలన్న వాదన ఎప్పుడు లేచినా నేను వ్యతిరేకిస్తాను. పాత చట్టమే, పోర్టుబ్లెయిర్ పేదలకు విసుగు పుట్టించే చట్టమే, కానీ డార్విన్‌లో లేని అడ్డుగోడ అది. గోడ ఉంచుతూనే దాని లోపల బతికేవాడికి పట్టా ఇవ్వడం అసాధ్యమేమీ కాదు. దిగేటప్పుడు డ్రైవరుకు ఇదంతా చెప్పే వ్యవధి దొరకలేదు. ‘‘మీ ఇంటికి కాగితం ఉందా?’’ అని మాత్రం అడిగాను. నవ్వి, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.