ఆగమంటే ఎవరి మాట మీద ఆగాలి?

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం తిరుపతిలో మా హాస్టల్‌కు ఒక సార్ వచ్చి పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసు చెప్పినారు. అదే పాత మిఠాయి కథ. 1960ల చివర్లో అమెరికాలో స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో వాల్టర్ మిషెల్ అనే సైకాలజిస్టు నాలుగైదేళ్ల పిల్లల ముందర ఒక మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుంటే రెండు ఇస్తానని చెప్పి బయటికి పోయినాడు. ఆగిన పిల్లలకు పెద్దయినాక మార్కులు ఎక్కువ వచ్చినాయంట. "మీ వాళ్లకు ఆ నిగ్రహం ఉండదు, అందుకే వెనకబడినారు" అని సార్ ముగించినారు. మేము చప్పట్లు కూడా కొట్టినాం. రాత్రి మెస్‌లో తినేటప్పుడు గానీ ఆ మాట గుచ్చుకోలేదు.

తర్వాత నలుగురం కూర్చొని ఫోన్లో వెతికినాం. ఆ కథకు రెండో భాగం ఉంది, సార్ చెప్పలేదు. 2018లో వేరే పరిశోధకులు ఇంచుమించు 900 మంది పిల్లల లెక్కలతో మళ్లీ చూసినారు. ఇంటి ఆదాయం, తల్లి చదువు లాంటివి లెక్కలోకి తీసుకుంటే ఆగినోళ్లకు, ఆగనోళ్లకు మధ్య తేడా చాలా తగ్గిపోయింది. ఇంకొకటి 2013లో వచ్చింది, 28 మంది పిల్లలతో చిన్న ప్రయోగం. మిఠాయి పెట్టే ముందు పిల్లలకు మంచి రంగులు తెస్తామని మాటిచ్చినారు. కొందరికి తెచ్చినారు, కొందరికి లేవు పొమ్మన్నారు. మాట నిలబెట్టుకున్న చోట పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగినారు. మోసపోయిన పిల్లలు 3 నిమిషాలే.

ఈ 3 నిమిషాల పిల్లలు మనకు బాగా తెలిసినోళ్లే కదా. మామిడి తోటలో కాపలా ఉన్న నాయనకు కాయ కోసినాక లెక్క ఇస్తామంటారు, కోత అయినాక అడ్వాన్సు కింద పట్టుకున్నామంటారు. ఇంటి పట్టా వచ్చే నెల అంటారు. స్కాలర్‌షిప్పు వచ్చే వారం అంటారు. ఇట్లాంటి ఇంట్లో పెరిగిన పిల్లోడు చేతికొచ్చింది వెంటనే తింటే దాన్ని బుద్ధి తక్కువ అనలేం. వాడికి తెలిసిన లెక్క అది.

ఓపిక లేదనడం అయితే అబద్ధం. సత్యవేడు, శ్రీకాళహస్తి వైపు యానాది పెద్దాయన వరి మడి గట్టు మీద ఎలుక కన్నానికి పొగ పెట్టి ఎంత సేపు కదలకుండా కూర్చుంటాడో ఆ సార్ ఒక్కసారి చూడాల. మన వాళ్ల పుట్టుక మీద ముద్ర వేయడం కొత్త కూడా కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చి, ఎరుకల వాళ్లను పుట్టుకతోనే దొంగలని కాగితం మీద రాసినారు. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952 అయింది.

అట్లని నిగ్రహంతో పనే లేదని మేము అనం. న్యూజిలాండ్‌లో డునెడిన్ అనే ఊర్లో 1972-73లో పుట్టిన సుమారు వెయ్యి మందిని 32 ఏళ్ల దాకా గమనించినారు. చిన్నప్పుడు నిగ్రహం తక్కువున్నోళ్లకు పెద్దయినాక ఆరోగ్యం, డబ్బు, కేసులు అన్నిట్లో ఇబ్బంది ఎక్కువ. ఇంటి ఆదాయం, తెలివి లెక్క తీసేసినా ఆ తేడా కనబడింది. వయసు వచ్చేలోపు నిగ్రహం పెంచుకున్నోళ్లు అనుకున్నదాని కన్నా బాగుపడినారని కూడా అందులోనే ఉంది. మాకు పనికొచ్చేది ఈ ముక్కే.

మా తప్పులు కూడా చెప్పుకోవాల. రాత్రి రెండు దాకా రీల్స్ చూసేది మేమే, అది ఏ సర్కారూ చేయించలేదు. మాలో ఒకడు స్కాలర్‌షిప్పు పడిన రోజే క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో పెట్టినాడు. పరీక్ష ఫీజు కట్టలేక సెమిస్టర్ పోయింది. వాళ్లమ్మకు ఇప్పటికీ తెలీదు.

దాని తర్వాతే మేము ఒక నోటు పుస్తకం పెట్టినాం. డబ్బు పడిన రోజే పరీక్ష ఫీజు మటుకు తీసి ఇద్దరు సీనియర్ల దగ్గర పెట్టాల, పేరు, మొత్తం, సంతకం. మనసును గట్టి చేసుకోమని చెప్పడం కన్నా డబ్బు చేతికి అందకుండా చేయడం సులువు. ఒకటే నియమం: ఎప్పుడు అడిగితే అప్పుడు, ఎందుకని అడక్కుండా, తిరిగి ఇచ్చేయాల. ఆఫీసులో కూడా స్కాలర్‌షిప్పు ఏ తేదీన పడుతుందో బోర్డు మీద రాయమని అర్జీ పెట్టినాం. తేదీ తెలిస్తే ఆగడం మాకూ వస్తుంది. జవాబు ఇంకా రాలేదు.

మొదట్లో జూనియర్లు నమ్మలేదు. ఒక తమ్ముడు పన్నెండు వందలు ఇచ్చి, మర్నాడు పొద్దున్నే వచ్చి వెనక్కి ఇమ్మన్నాడు. ఊరికే, ఇస్తామా లేదా అని చూడ్డానికి. లెక్కపెట్టి చేతిలో పెట్టినాం. వాడు కూడా లెక్కపెట్టుకొని పోయినాడు. నాలుగో రోజు వాడే ఆ పన్నెండు వందలు తెచ్చి, రూమ్మేటును కూడా వెంటబెట్టుకొని వచ్చినాడు.