చిరుత బల్లిని పొదిగించే ముందు



పెంపుడు జంతువు అనగానే మనకు కుక్క, పిల్లి, కుందేలు గుర్తుకు వస్తాయి. ఇప్పుడు ఆ వరుసలోకి ఒక బల్లి కూడా వచ్చి చేరింది. దాని పేరు చిరుత బల్లి. పసుపుపచ్చని ఒంటిమీద నల్లని మచ్చలు, లావాటి తోక, నవ్వుతున్నట్టు కనిపించే నోరు. చూసినవారు ముచ్చట పడతారు. "మాస్టారూ, రెండు తెచ్చి పెంచితే పిల్లలు పుడతాయా?" అని మా గోపాలపట్నంలో నన్ను అడిగే పిల్లలున్నారు. పుడతాయి. చాలా తేలికగా పుడతాయి. చిక్కంతా అక్కడే ఉంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక జీవిని పెంచడం బాధ్యత. దాని సంతతిని పెంచడం అంతకు ఎన్నో రెట్లు పెద్ద బాధ్యత. తల్లిదండ్రులు ఎక్కడినుంచి వచ్చాయి? వాటి వంశంలో ఏ లోపం దాగి ఉంది? పుట్టిన పిల్లలు ఎక్కడికి పోతాయి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు తెలియనివారు ఆడ, మగ బల్లులను ఒకే పెట్టెలో ఉంచకూడదు.

ముందు ఈ జీవి ఎటువంటిదో చూద్దాం. మన ఇంటి గోడమీది బల్లికి కదిలే కనురెప్పలు లేవు. అందుకే అది నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. చిరుత బల్లికి రెప్పలున్నాయి. మనలాగే కళ్లు మూసి తెరుస్తుంది. దాని కాలివేళ్ల కింద అతుక్కునే పొరలు లేవు కనుక నున్నటి గోడ ఎక్కలేదు. తోకలో కొవ్వు దాచుకుంటుంది. జాగ్రత్తగా పెంచితే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. అంటే ఎనిమిదో తరగతిలో మీరు తెచ్చిన బల్లి మీకు ఉద్యోగం వచ్చేనాటికీ ఉంటుంది!

ఎక్కడినుంచి వచ్చాయి?

ప్రపంచమంతటా ఇళ్లలో పెంచే చిరుత బల్లి శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్ మాక్యులేరియస్. దాని స్వస్థలం అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం. దశాబ్దాలుగా పెట్టెల్లోనే తరతరాలు పుడుతున్నందున దాని కోసం అడవికి పోనక్కరలేదు.

కాని మన ప్రాంతానికి సొంత చిరుత బల్లి ఒకటి ఉందని మీకు తెలుసా? విశాఖపట్నం ప్రాంతపు తూర్పు కనుమలలో 2017లో కనిపించిన బల్లిని పరిశీలించి, అది కొత్త జాతి అని జీషాన్ మీర్జా, చంద్రశేఖరుని జ్ఞానేశ్వర్ అనే పరిశోధకులు 2022లో ప్రకటించారు. దానికి యూబ్లెఫారిస్ పిక్టస్ అని పేరు పెట్టారు. పిక్టస్ అంటే రంగులు అద్దినది అని అర్థం. ఒడిశాలోను, ఉత్తరాంధ్రలోను ఉండే ఈ బల్లి చీకటి పడ్డాక బయలుదేరి, అడవి బాటల వెంట నేలను నాలుకతో తాకుతూ ఆహారం వెతుక్కుంటుంది.

ఒక విషయం గమనించండి. అది దొరికిన చోటు సరిగ్గా ఎక్కడో ఆ పరిశోధకులు చెప్పలేదు. చెబితే అమ్ముకునేవారు అక్కడికి వెళ్లి ఏరుకుపోతారని వారి భయం. శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్నదానిని లోకానికి చాటాలని కోరుకుంటాడు. అటువంటివాడు చిరునామా దాచవలసి వచ్చిందంటే ప్రమాదం ఎంతటిదో ఊహించండి. మరొక ప్రమాదం మన అజ్ఞానం. ఇది విషజంతువని భయపడి చంపేవారున్నారు. నిజానికి చిరుత బల్లికి విషం లేదు.

కనుక మన కొండ బల్లిని ఎవరైనా అమ్మజూపితే అది అడవినుంచి దొంగిలించినదని అనుమానించాలి. "ఇంట్లో పెంచి పిల్లలు చేస్తే జాతి నిలుస్తుంది కదా" అని కొందరంటారు. రికార్డులు, వైద్యులు, అనుమతులు ఉన్న జంతు ప్రదర్శనశాల ఆ పని చేయవచ్చు. మన వసారాలోని గాజు పెట్టె చేయలేదు. అడవినుంచి రెండు బల్లులను తెచ్చి పది పిల్లలను చేసినా, అవి తిరిగి అడవికి పోవు. అడవికి మిగిలింది రెండు తక్కువే.

లోపం ఎక్కడ దాగింది?

పదో తరగతిలో మీరు మెండెల్ బఠాణీ మొక్కల గురించి చదువుతారు. పెంపకందార్లు ఆ సూత్రాలతోనే చిరుత బల్లులలో రకరకాల రంగులు సాధించారు. వాటిలో 'లెమన్ ఫ్రాస్ట్' అనేది ఒకటి. తెలుపు, నిమ్మపండు రంగు కలిసిన ఆ బల్లులు ఎంతో అందంగా ఉండేవి. కొంతకాలానికి వాటి చర్మంమీద తెల్లని కంతులు లేచాయి. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు పరిశోధించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఆ రంగు బల్లులలో నూటికి 80కి పైగా కంతుల బారిన పడ్డాయి. కాంతిని పరావర్తనం చేసే చర్మకణాలు అదుపు తప్పి పెరగడమే ఆ అందానికీ, ఆ జబ్బుకీ మూలం. రంగును ఉంచి రోగాన్ని తీసివేద్దామంటే కుదరదు!

'ఎనిగ్మా' అనే మరో రకంలో బల్లులు తల ఒక పక్కకు వాల్చి, ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతాయి. అది ఆట కాదు, నాడీమండలంలోని లోపం. ఇటువంటి వాటిని తెలిసి తెలిసి జతపరచడం తప్పని నా నిశ్చితాభిప్రాయం. మన కంటికి ఇంపుగా ఉండాలని మరో జీవి జన్మంతా బాధపడనక్కరలేదు.

అయితే లెమన్ ఫ్రాస్ట్ రహస్యం తెలియడానికి ఒక పెంపకందారు రాసి ఉంచుకున్న వంశావళే తోడ్పడింది. ఏ బల్లికి ఏ బల్లి పుట్టిందో నోటు పుస్తకంలో రాసుకునేవాడే బాధ్యత గల పెంపకందారు.

పిల్లలు ఎక్కడికి పోతాయి?

ఇప్పుడొక లెక్క వేద్దాం. చిరుత బల్లి ఒక్కోసారికి రెండు గుడ్లు పెడుతుంది. ఒక ఏడాదిలో చాలాసార్లు పెట్టగలదు. ఐదుసార్లు పెట్టిందనుకుంటే పది పిల్లలు. వాటిలో ఐదు ఆడవి అనుకోండి. మరుసటి ఏడాది తల్లితో కలిపి ఆరు ఆడబల్లులు, ఒక్కొక్కదానికి పది చొప్పున అరవై పిల్లలు. రెండేళ్లలో మీ ఇంట 2, 10, 60 కలిపి 72 బల్లులు! పిల్ల ఒక్కింటికి రోజుకు ఐదు పురుగులన్నా అరవై పిల్లలకు 300 బతికున్న పురుగులు కావాలి. ఎవరు తెస్తారు?

గుడ్డులో ఆడదో మగదో నిర్ణయించేది వేడి. 26 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర పొదిగితే దాదాపు అన్నీ ఆడవి, 32.5 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి. 34 డిగ్రీలకు పోతే మళ్లీ ఎక్కువగా ఆడవి. కరెంటు పోయి పెట్టెలో వేడి మారితే మీ అంచనాలు తారుమారు. పెరిగిన మగబల్లులు ఒకదానినొకటి కరిచి చంపుకుంటాయి కనుక ఒక్కొక్కదానికి విడిగా పెట్టె కావాలి. కోడి తన గుడ్లను తిప్పుతుంది. బల్లి గుడ్డును తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు. ఇక తల్లి ఒంట్లోని కాల్షియం గుడ్లలోకి పోతుంది. కాల్షియం పొడి అద్దిన పురుగులు, తగిన విశ్రాంతి లేకపోతే దాని ఎముకలు మెత్తబడతాయి.

విసుగెత్తి ఆ పిల్లలను సింహాచలం కొండమీద వదిలేద్దామని మాత్రం అనుకోకండి. పెట్టెల్లో పెరిగిన బల్లులకు క్రిప్టోస్పోరిడియం వంటి సూక్ష్మజీవులు సోకుతాయి. పేగులు చెడి, లావాటి తోక పుల్లలా అయిపోతుంది. ఆ జబ్బు మన కొండ జీవులకు అంటిస్తే ఎవరు వైద్యం చేస్తారు?

చట్టం కూడా ఈ దారినే నడుస్తోంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించారు. అంతర్జాతీయ ఒప్పందం జాబితాలోని విదేశీ జీవులు ఉన్నవారు వాటిని నమోదు చేయించాలి. వాటికి పిల్లలు పుట్టినా తెలియజేయాలి. ఏ జీవి ఏ జాబితాలో ఉందో కొనేముందే అటవీశాఖ కార్యాలయంలో అడగండి, కొన్న తరువాత కాదు.

మరి బల్లుల మీద ఆసక్తి ఉన్నవాడు ఏం చేయాలి? పైసా ఖర్చు లేని ప్రయోగం ఒకటి చెబుతాను. మీ ఇంట్లో ట్యూబులైటు వెనకనో, పటాల వెనకనో గోడబల్లి పెట్టిన రెండు తెల్లని గుడ్లు వెతకండి. ముట్టుకోవద్దు. చూసిన తేదీ రాయండి. రోజూ పక్కన థర్మామీటరు ఉంచి ఉష్ణోగ్రత రాయండి. పిల్ల వచ్చిన రోజు రాయండి. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేసి రెండు పట్టికలూ పోల్చండి. తేడా ఎందుకు వచ్చిందో మీ సైన్సు మాస్టారితో చర్చించండి.

రెండు నెలలపాటు ఒక్కరోజూ మానకుండా ఆ పట్టిక నింపగలిగినవాడికి, పెద్దయ్యాక ఒక జీవిని పెంచే అర్హత ఉందని నేను ఒప్పుకుంటాను. మధ్యలో మానివేసినవాడు బల్లిని కొనకపోవడమే ఆ బల్లికి చేసే మేలు.