చట్టం తెలియని చికిత్స

మనోవైద్యుడికి చట్టం ఎందుకని అడిగేవాళ్లు తక్కువమంది కాదు. "మేం రోగాన్ని చూస్తాం, కోర్టు సంగతులు వకీళ్లు చూసుకుంటారు" అంటారు కొందరు. "కేసులు మీద పడకుండా సంతకాలు పెట్టించుకుంటే చాలు" అంటారు మరికొందరు. మొదటిది అమాయకత్వంలా కనిపిస్తుంది, రెండోది లౌక్యంలా కనిపిస్తుంది. రెండింటి ఫలితం వొక్కటే: రోగి నోరు మూతపడుతుంది. మానసిక వైద్యంలో చట్టజ్ఞానం వైద్యుడి ఆత్మరక్షణకు కాదు, రోగి స్వేచ్ఛకు అని నా వాదం.

విరిగిన కాలికి కట్టు కట్టే డాక్టరు, రోగి వెళ్లిపోతానంటే ఆపలేడు. మనోవైద్యుడు ఆపగలడు. పోలీసు తాను అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపెట్టాలని మనందరికీ తెలుసు. వార్డు తలుపుకు గడియ వేసేవాడికి మాత్రం ఏ లెక్కా అక్కర్లేదా?

అక్కరుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో వుంది. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే యిద్దరు విడివిడిగా పరీక్షించాలి. వాళ్లలో వొకరు సైకియాట్రిస్టు అయివుండాలి. తనకో యితరులకో హాని జరిగే ప్రమాదం కనబడాలి, లేదా తనను తాను చూసుకోలేక ఆపదలో పడే స్థితి వుండాలి. ఆ చేరిక 30 రోజులకు మించరాదు. ఏడు రోజుల్లో రివ్యూ బోర్డుకు తెలియజేయాలి. స్త్రీ అయినా మైనరైనా మూడు రోజుల్లోనే. ఇవి గుమాస్తా నింపే ఫారాలు కావు, మనిషి హక్కుకు కంచెలు.

కులం దాటి పెళ్లి చేసుకుంటానన్న అమ్మాయిని "పిచ్చి పట్టింది" అంటూ తల్లిదండ్రులు తీసుకొచ్చారనుకోండి. సమాజపు నీతికీ ఆచారానికీ తలవంచకపోవడం రోగనిర్ణయానికి ఆధారం కాకూడదని చట్టంలోని మూడో సెక్షను చెబుతున్నది. యిది తెలియని వైద్యుడు ఏం చేస్తాడు? ఫీజు యిచ్చే తండ్రి మాటే రోగలక్షణం అనుకుంటాడు. అప్పుడతను వైద్యుడు కాదు, ఆ యింటి పెత్తనానికి జైలరు.

పురుగుమందు తాగిన రైతును ఆస్పత్రికి తెస్తే, పోలీసు కేసు భయంతో యింటివాళ్లు "పొరపాటున తాగాడు" అని చెప్పడం మన పల్లెల్లో ఎవరెరగరు? ఆత్మహత్యాయత్నం చేసినవాడు తీవ్రమైన ఒత్తిడిలో వున్నాడనే భావించాలనీ, శిక్షించరాదనీ 115వ సెక్షను అంటుంది. అతనికి సంరక్షణ కల్పించే బాధ్యత ప్రభుత్వానిదని కూడా అంటుంది. పాత శిక్షాస్మృతిలోని 309 కూడా 2024 జూలై 1తో పోయింది. అధికారిని విధి నుంచి నిలువరించాలనో, బలవంతపెట్టాలనో చేసే యత్నం మాత్రమే యింకా నేరంగా మిగిలింది. యీ నాలుగు ముక్కలు ధైర్యంగా చెప్పగల నర్సు వుంటే, ఆ రైతు నిజం చెబుతాడు. నిజం చెప్పకుండా ఏ మందు పనిచేస్తుంది?

"చట్టాలు కాగితం మీదివే" అని మన మిత్రులే అంటారు. కాదనను. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టివేసిన రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది బలయ్యారు. అప్పటికి 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం వుండనే వుంది. యివాళ గొలుసుతో కట్టడాన్నీ, మత్తు యివ్వకుండా కరెంటు షాకు పెట్టడాన్నీ 95వ సెక్షను నిషేధిస్తున్నది. అయితే ఆ నిషేధం తనంతట తాను నడిచి వార్డులోకి రాదు. అక్కడ పనిచేసేవాళ్లకు తెలిస్తేనే వస్తుంది. కాగితం మీది చట్టమని వెక్కిరించి వూరుకోవడం గొలుసు వేసేవాడికే లాభం.

యిందులో వర్గ ప్రశ్న కూడా వుంది. డబ్బున్న రోగి కోసం వకీలు కారులో వస్తాడు. కూలివాడి కోసం ఎవరొస్తారు? ఉచిత న్యాయసహాయం పొందే హక్కు వుందని రోగికి చెప్పడం ఆస్పత్రి బాధ్యుడైన వైద్యుడి విధి అని 27వ సెక్షను స్పష్టంగా శాసించింది. అంటే, పేదవాడికి న్యాయస్థానపు తలుపు చూపించవలసినవాడు వైద్యుడే. తనకే తెలియనివాడు ఏం చూపిస్తాడు?

కనక మనోవైద్యులకూ, మనస్తత్వ నిపుణులకూ, నర్సులకూ యీ చట్టాన్ని పాఠంగా చెప్పాలి, పరీక్ష పెట్టాలి. ప్రతి వార్డు గోడమీదా రోగి హక్కులను తెలుగులో రాయించాలి. ఆ గోడవైపు చూడడానికి యిష్టపడని వైద్యుణ్ణి కారణం అడిగే హక్కు మనందరిదీ.