నీడలో కూర్చోమంటే కూర్చోవటమేనా?

దారిలో బండి ఆగి బానెట్ పైకి లేచిందంటే చాలు, ఆడవాళ్ళకు వినిపించే మాట ఒక్కటే. "మీరలా నీడలో కూర్చోండమ్మా!" ఆ బండి ఎవరి డబ్బుతో కొన్నారు, రిపేరు ఖర్చు ఎవరి పర్సులోంచి వస్తుంది అన్న విచారం ఎవరికీ ఉండదు. దారిన పోయే మీసాలాయన ప్రతివాడూ ఆగి, ఇంజనులోకి తొంగిచూసి, ఓ సలహా పారేసి పోవచ్చు. లుంగీ ఎగగట్టిన ఆసామీ, పరీక్ష తప్పిన కుర్రాడు, సోడాలమ్మే అతను, అందరూ ఇంజనీర్లే! బండి యజమానురాలు మాత్రం చింతచెట్టు కింద కొంగుతో విసురుకుంటూ కూర్చోవాలి. ఇదెక్కడి న్యాయమండీ?

నేను బి.ఏ. చదివినదాన్ని. నా చేతిలో స్పానరు కన్నా కలమే కుదురుగా నిలుస్తుంది. అయినా గట్టిగానే చెబుతున్నాను. ఆగిన బండికి జబ్బేమిటో కనిపెట్టటం మగపుట్టుకతో వచ్చే విద్య కాదు. వరసగా ఆలోచించే విద్య. పొయ్యి దగ్గర రోజూ మనం చేస్తున్నదే.

గ్యాస్ స్టవ్ వెలగకపోతే ఏం చేస్తాం? సిలిండర్లో గ్యాసుందా, రెగ్యులేటరు తిప్పామా, పొంగిన పాలు బర్నరు కన్నాలకు అడ్డుపడ్డాయా, లైటరు నిప్పురవ్వ ఇస్తోందా అని ఒక్కొక్కటే చూసుకుంటాం. స్టవ్ వెలగలేదని వంటిల్లు పడగొట్టి కొత్తది కట్టుకోం కదా! పెట్రోలు ఇంజనుకూ కావలసినవి అవే. ఇంధనం, గాలి, నిప్పురవ్వ. మూడూ సరైన పాళ్ళలో, సరైన వేళకు అందితే నడుస్తుంది. ఒకటి లోపిస్తే మొరాయిస్తుంది. ఈ మాత్రం అర్థం కావటానికి మీసాలెందుకు?

మా తోడికోడలి జోంగా సంగతి చెబుతాను, వినండి. జోంగా అంటే మన సైన్యం వాడిన బండి. జపాన్ వాళ్ళ నిస్సాన్ పెట్రోల్ జీపు నమూనాతో, జబల్పూరులోని వాహనాల ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారైంది. ఆరు సిలిండర్లు, నాలుగు లీటర్లకు దగ్గరగా ఉండే పెట్రోలు ఇంజను. నాలుగు చక్రాలూ లాగే గేరు. సైన్యం పని తీరిన బండ్లను వేలం వేస్తే, తోటలూ పొలాలూ ఉన్నవాళ్ళు ముచ్చటపడి కొనుక్కున్నారు. నూజివీడు దగ్గర మామిడితోట ఉన్న మా బావగారూ అలాగే కొన్నారు. ఆయన పోయాక తోటా, బండీ, బాకీలూ అన్నీ మా అక్కయ్య నెత్తిన పడ్డాయి.

ఆ బండికో వింత జబ్బు పట్టుకుంది. పొద్దున్నే చక్కగా స్టార్టయ్యేది. మూడు నాలుగు కిలోమీటర్లు పోయాక దగ్గి, తుమ్మి, ఆగిపోయేది. పావుగంట ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయల్దేరేది. కాయ కోతకొచ్చిన రోజులు. ఊళ్ళోని మెకానిక్ మొదట ప్లగ్గులు మార్చాడు. తర్వాత కాయిలు. ఆ తర్వాత కార్బురేటరు విప్పి సామానంతా కొత్తది వేశాడు. ప్రతిసారీ బిల్లు వచ్చింది గానీ జబ్బు పోలేదు. చివరికి తీర్పు చెప్పాడు. "ఇంజను అయిపోయిందమ్మగారూ. తీసేసి డీజిలింజను పెట్టిద్దాం."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు లేదూ? అక్కయ్య మాత్రం చేతి గాజులు తూకం వేయించటానికి సిద్ధపడింది. అనుమతి లేకుండా ఇంజను మారిస్తే చట్టరీత్యా చిక్కని కూడా ఆమెకెవరూ చెప్పలేదు.

ఆపినవాడు ఆ ఊరి రిటైర్డు హవల్దారు. సైన్యంలో బండ్లు బాగుచేసే ఇ.ఎం.ఇ. విభాగం మనిషి. ఆ విభాగపు పెద్ద శిక్షణ కాలేజీ మన సికిందరాబాదులోనే ఉంది. ఆయన స్పానరు తియ్యలేదు. "బండి ఆగినచోటే ఆపండమ్మా. మీరే చూద్దురుగాని" అన్నాడు. నేనూ పక్కనే నిలబడ్డాను. నీడలో కాదు, ఎండలోనే.

బండి ఆగగానే ముందు నిప్పురవ్వ చూశాం. ప్లగ్గు విప్పి, తీగె తగిలించి, దాని లోహపు ఒంటిని ఇంజనుకు ఆనించి తిప్పితే నీలంగా టపటపలాడింది. అయితే కాయిలు నేరం లేదు, దాని మీద పోసిన డబ్బు దండగ. ఇక పెట్రోలు. వేసవి ఎండకు గొట్టంలోనే పెట్రోలు ఆవిరై దారికి అడ్డం పడుతుందట. పంపు మీద తడిగుడ్డ వేశాం. మార్పు లేదు. ట్యాంకులోకి గాలి పోయే దారి మూసుకుందేమోనని మూత వదులు చేశాం. నూనెడబ్బాకు ఒక్క కన్నమే పెడితే నూనె సరిగా దిగదనీ, గాలికి రెండోది కావాలనీ మనకెవరూ చెప్పనక్కర్లేదు కదా! దాంతోనూ మార్పు లేదు. ఇంజను చల్లారనిచ్చి, చుట్టుపక్కల బీడీలు ఆర్పించి, కార్బురేటరు దగ్గర గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి పంపు ఆడిస్తే, పెట్రోలు బొట్టు బొట్టుగా వచ్చింది. వెనక్కి ట్యాంకు వైపు గాలి ఊదగానే ధార కట్టింది.

దొంగ దొరికాడు! ట్యాంకు దింపి కడిగితే ఇటుకపొడిలాంటి తుప్పు. వేలానికి ముందు అలాంటి బండ్లు యార్డుల్లో ఏళ్ళ తరబడి పడి ఉంటాయి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ చేరి లోపలి రేకును తినేస్తుంది. బండి నడుస్తుంటే ఆ తుప్పు గొట్టం మూతికి వచ్చి అడ్డుపడుతుంది. ఆగితే కిందికి దిగిపోతుంది. పావుగంట విశ్రాంతి రహస్యం అదీ. ట్యాంకు శుభ్రం చేసి, కొత్త ఫిల్టరు వేస్తే బండి నడిచింది. గాజులు చేతికే ఉన్నాయి.

మెకానిక్కుల పొట్ట కొట్టమని నేననటం లేదు. బ్రేకులూ స్టీరింగూ చేతనైనవాళ్ళకే అప్పగించాలి. తిండి మాని నేర్చుకున్న విద్య వాళ్ళది, దానికి దణ్ణం పెడతాను. నా పోట్లాటల్లా "మీకు తెలీదు లెండి" అనే ఆ ఒక్క మాటతోనే. ఆ మాటే వాళ్ళ చేత గుడ్డిగా సామాను మార్పిస్తుంది, మన చేత గుడ్డిగా డబ్బు కట్టిస్తుంది.

"ఆడవాళ్ళకు యంత్రాలెందుకమ్మా?" అనే పెద్దమనుషులకు ఒక చరిత్ర చెబుతాను. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటేసుకుని, ఆయన కనిపెట్టిన మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి పుట్టింటి ఊరు ఫోర్జ్‌హైమ్‌కు వెళ్ళింది. నూరు కిలోమీటర్లు దాటిన ప్రయాణం. ప్రపంచంలో మోటారు బండి చేసిన మొదటి దూరప్రయాణం అదే. దారిలో ఇంధనపు గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే సూదితో పొడిచి బాగుచేసింది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఇంకో సంగతి. 1945లో పద్దెనిమిదేళ్ళ బ్రిటన్ యువరాణి ఎలిజబెత్ సైన్యంలోని ఆడవాళ్ళ విభాగంలో చేరి లారీ నడపటం, చక్రం మార్చటం, ఇంజను చూడటం నేర్చుకుంది. కాబోయే రాణీగారి చేతికి లేని మైల మన చేతికి అంటుతుందా?

మీరంతా గ్రీజులో మునగనక్కర్లేదు. నాలుగు సంగతులు తెలిస్తే చాలు. బండి స్టార్టు కాకపోతే హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. దీపాలు కొడిగడితే బ్యాటరీనో, దాని తీగెల బిగింపో చూడాలి. వేడెక్కిన రేడియేటరు మూత తియ్యకండి. ఆవిరున్న కుక్కరు మూత లాగుతామా? జోంగా వంటి బండిలో నాలుగు చక్రాల గేరు పొడి తారురోడ్డు మీద వేసి నడిపితే లీవరు బిగుసుకుంటుంది. "గేరుపెట్టె పోయింది" అని ఎవరైనా గుండెలు బాదుకునే ముందు, బండిని కాస్త వెనక్కి నడిపి చూడండి. చాలాసార్లు దానంతటదే వదులుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఏ సామాను మారుస్తామన్నా, "పాడైంది ఇదేనని నీకెలా తెలిసింది, నాయనా?" అని అడగండి. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు. తెలియనివాడు చింతచెట్టు వైపు చెయ్యి చూపిస్తాడు. అప్పుడు అతన్నే కాసేపు వెళ్ళి నీడలో కూర్చోమనండి.